పాతరలోకి దించిన దీపం

మొన్న నాచారంలో మా వీధి మ్యాన్‌హోల్ మూత తీశారు. అప్పటికి మూడు రోజులుగా మురుగు మా గేటు ముందే పారుతోంది. త్వరగా కానివ్వమని మేస్త్రీ ప్రాణం తోడేస్తున్నాను. ఆయన మాత్రం తాపీగా పక్కన కూర్చుని, "జర ఆగమ్మా, ముందుగాల లోపటి గాలి పోనియ్యి" అన్నాడు. మా అత్త గుర్తొచ్చింది.

అత్త అంటే మా ఆయన తల్లి కాదు. మల్లాపూర్ ఫ్యాక్టరీలో ఆయనకి ఉద్యోగమొస్తే గోదావరి వైపు నుంచి వచ్చి మేం అద్దెకి దిగిన ఇంటి ఓనరమ్మ. మొదటి రోజే "ఓనరమ్మగారూ" అన్నందుకు నన్ను ఎగాదిగా చూసి, "గారు గీరు ఏంది బిడ్డా, అత్తా అను" అంది. మనిషి బంగారం. చింతకాయ తొక్కు నూరితే మొదటి గిన్నె మాకే వచ్చేది. ఒక్క కిటికీల దగ్గరే మా ఇద్దరికీ పడేది కాదు. సాయంత్రమయ్యేసరికి నేను దోమలకి జడిసి అన్నీ బిగించడం, ఆవిడ మేడ దిగొచ్చి అన్నీ తీసేయడం. మా పిల్లాడు పడుకున్న గదయితే మరీనూ. తలుపు బార్లా తెరిచి, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నాచారం దోమలన్నిటికీ ఈవిడే పెద్ద దిక్కని మా ఆయన దగ్గర సణిగేదాన్ని. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, అత్త పుట్టిన ఇల్లు రోడ్డు కోసం కూలగొడుతున్నారని కబురొచ్చింది. "నన్ను ఒక్కపారి తీస్కపో బిడ్డా" అంది. ఆటోలో వెళ్లాం. పాత ఊళ్లో సందు చివర, మూరెడు మందం మట్టిగోడల ఇల్లు. దర్వాజాలు అప్పటికే ఊడబెరికారు. అత్త ఎక్కడా ఆగకుండా వెనక గదిలోకి నడిచి, మూలనున్న బండ దగ్గర నిలబడింది. ఇల్లు కూల్చడానికి వచ్చిన కూలీలు ఇద్దరు గడ్డపారలతో దాన్ని పక్కకి జరిపారు. కింద పాతర. వెనకటి ఇళ్లలో జొన్నలు నిలవ చేసుకునే గొయ్యి, మనిషి లోతుకి మించే ఉంది.

అక్కడే కూలబడి చెప్పింది. నిజాం రాజ్యం మీదికి సైన్యం దిగిన పోలీస్ యాక్షన్ నాటికి ఆవిడకి తొమ్మిదేళ్లు. తుపాకులవాళ్లు వస్తున్నారని వీధిలో ఎవరో అరిచారట. ఎవరి తుపాకులో అడిగే తీరిక ఎవరికుంది? నాయనమ్మ మూత లాగించి, అత్త వాళ్లమ్మనీ, ఏడాది నిండని తమ్ముణ్ణీ పాతరలోకి దింపింది. వానాకాలం, అడుగున మిగిలిన జొన్నలు తడిసి మక్కి ఉన్నాయి. మూత పెట్టి, చాప పరిచి, దానిమీద మనవరాల్ని కూర్చోబెట్టింది.

"పాతర తీస్తే ముందుగాల దీపం దించి లోపటి గాలి సూడాలె. దీపం ఆరితే మనిషి దిగొద్దు. మా ఇంట్ల ఆ పని నాదే బిడ్డా. ఆ దినం గూడ నోటిదాకొచ్చింది. నాయనమ్మ కోపం జేస్తదని అనలే." బండ అంచు తడిమింది. "తమ్ముడు జరసేపు ఏడ్చిండు. తర్వాత ఆపిండు. పండుకున్నడు, మంచిగైంది అనుకున్న."

"మరి తుపాకులవాళ్లు?" అన్నాను.

"ఎవ్వలు రాలే. పొద్దుగూకినంక మూత తీస్తే అమ్మ ఒళ్లె తమ్ముడు. ఇద్దరు సల్లవడ్డరు."

నాకు ఏడుపు ఆగలేదు. మా వాడి ముక్కు దగ్గర ఆవిడ పెట్టిన వేలే కళ్ల ముందు ఆడుతోంది. అత్త ఏడవలేదు. చేతిసంచిలోంచి మూడు వైపులా తాడు కట్టిన సత్తుగిన్నె తీసింది. ఇంటి దగ్గరే ఒత్తి వేసి తెచ్చుకుంది. నూనె పోసి, వెలిగించి, తాడు కొంచెం కొంచెంగా వదిలింది. దీపం అడుక్కి చేరింది. ఆరలేదు. వంగి చూస్తూ కూర్చున్నాం.

"ఎంతసేపైంది?" అని అడిగింది.

వాచీ చూశాను. "రెండు నిమిషాలు కూడా కాలేదత్తా."

"ఆ దినం గూడ గంతే పట్టేది" అని, అప్పుడు ఏడ్చింది. తాడు మాత్రం చేతిలోంచి వదల్లేదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంటి మీదుగా ఇప్పుడు బస్సులు పోతున్నాయి. మొన్న మేస్త్రీ "ఇగ దిగొచ్చు" అనేదాకా నేను తొందర పెట్టకుండా గేటు దగ్గరే నిలబడ్డాను. వాచీలో రెండు నిమిషాలు కూడా లేని ఆ కాస్త కాలాన్ని దాటడానికి మా అత్తకి అరవై ఏళ్లు చాలలేదు.