తూర్పున లేచిన మంట

పదో తరగతిలో నాకొక పిచ్చి గర్వం ఉండేది, మైకు ముందు నన్ను మించినవాళ్లు లేరని. అంతరిక్ష పరిశోధనకు ప్రభుత్వం ఇంతింత డబ్బు పెట్టాలా, వద్దా అనే వక్తృత్వ పోటీలో వద్దని మాట్లాడి, జమ్మలమడుగులో మొదటి బహుమతి కొట్టుకొచ్చాను. తర్వాతి పోటీ ప్రొద్దుటూరులో.

ప్రసంగం రాసింది నేనే గానీ, అందులోని పదును మా అన్నది. మేము గొర్రెలు కాసే ఇంటివాళ్లం, సింహాద్రిపురం పక్క పల్లె. బడి మానేసిన అన్న గొర్రెల వెంట పోవాల్సింది పోయి ఊరి పెద్దాయన వెంట తిరిగేవాడు. "తాగేకి నీళ్లు ల్యావు, పులివెందులకు పోదామంటే బస్సు లేదు, వీళ్లు ఆకాశంలోకి దుడ్లు ఎగరేస్తాండారని చెప్పు మే," అన్నాడు. అదే రాశాను. చివర్లో "ఈ రాకెట్ల వల్ల మా ఊరికి ఏం ఒరిగింది?" అని అడిగి, కాసేపు ఆగి, "ఏమీ ఒరగలేదు" అని నేనే జవాబు చెప్పేదాన్ని. జమ్మలమడుగులో చప్పట్లు మోగింది అక్కడే.

మా సైన్సు సారుకు రాకెట్లంటే ప్రాణం. నా ప్రసంగం దిద్ది, బాగుందని మెచ్చుకుని, ముఖం మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. "నువ్వు ప్రొద్దుటూరు పోయే ముందురోజు, దీపాలు పెట్టే వేళకు శ్రీహరికోటలో రాకెట్టు వదులుతారంట. మబ్బు లేకుంటే మనకూ తూర్పున కనపడుతుంది. తిట్టేదేదో ఒకసారి చూసి తిట్టు తల్లీ," అన్నాడు.

ఆ రోజుల్లో మా ఊళ్లో సాయంత్రం పూట ఎవరూ ఆకాశం చూసేవాళ్లు కాదు. పంచాయతీ ఎన్నికలతో ఊరు రెండు పార్టీలుగా చీలింది. మావాళ్లు, అంటే పెద్దాయన పార్టీవాళ్లు, అవతలివాళ్ల గడ్డివామి కాల్చారు. దానికి బదులు ఎప్పుడొస్తుందా అని అందరూ కాచుకుని ఉన్నారు. మా పెద్దాయన వామి ఊరికి తూర్పున, గుట్ట వెనక చేలో ఉంది. అది అంటుకున్న రోజు చేతులు ముడుచుకుని కూర్చోబోమని నలుగురు ఆయనకు మాటిచ్చారు. ఆ నలుగురిలో మా అన్న ఒకడు. మా అమ్మ రోజూ తూర్పుకు తిరిగి దండం పెట్టేది. సూర్యుడికి కాదు, ఆ వామికి. "ఇంకొక్క పొద్దు సల్లగా ఉండు తల్లీ," అని.

సారు చెప్పిన రోజు రానే వచ్చింది. నేను దొడ్డి దగ్గర గొర్రెపిల్లల్ని గంప కింద మూస్తున్నాను. ఉన్నట్టుండి గుట్ట వెనక ఎర్రగా వెలిగింది. "వామి! పెద్దాయన వామి!" అని ఎవరో అరిచారు. వీధిలో తలుపులు టపటపా మూసుకున్నాయి. అన్న అటక మీద దాచిన నాటుబాంబుల బకెట్టు దించి బయలుదేరాడు. అమ్మ గడపకు అడ్డంగా కూర్చుంటే, ఆమెను దాటుకుని పోయాడు.

పరుగెత్తి అన్న చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను.

"అది వామి గాదన్నా, రాకెట్టు!"

"ఇడుసు మే. యాడో ఉండే రాకెట్టు ఈడికెట్లొస్తాది?"

"ఈడికి రాదు, పైకి పోతాది. సారు చెప్పినాడు. ఒక్క రవ్వ నిలబడి సూడన్నా. వామి అయితే పైకి లేస్తాదా?"

లేచింది. గుట్ట అంచు దాటి, ఎవరూ తరమనట్టు నిదానంగా పైకొచ్చింది. చప్పుడు లేదు. మంటంటే మాకు కేకలు, మసి, మరునాడు పోలీసులు. ఈ మంట తన పాటికి తాను ఎక్కుతూనే ఉంది. మాకు పొద్దు మునిగినా పైన దానికింకా ఎండ తగులుతోంది కాబోలు, వెనక సాగిన పొగ వెండితీగలా మెరిసింది. తర్వాత కుడివైపుకు వంగి చుక్కంత అయింది. అది మనుషులు చేసిన వస్తువంటే నమ్మబుద్ధి కాలేదు. దీన్నా నేను మైకు పెట్టి తిట్టింది అని సిగ్గేసింది కూడా.

అన్న బకెట్టును గుడ్ల గంప దించినట్టు మెల్లగా నేల మీద పెట్టాడు. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అవతలి పార్టీ వీధిలో కూడా జనం మిద్దెలెక్కి, తలలెత్తి చూస్తున్నారు. ఎన్నికల తర్వాత రెండు వీధులవాళ్లూ ఒకే పక్కకు చూడటం అదే మొదలు.

"ఎవురిదది?" అన్నాడు అన్న.

"గవర్నమెంటుది."

"ఏ పార్టీ చేయించింది?"

"ఏ పార్టీ వచ్చినా దానికి దుడ్లు ఇస్తానే ఉండారంట అన్నా, శానా ఏండ్ల నుంచి."

"పార్టీలు మారినా ఒగే పని మీద ఉండారా!" అన్నాడు అన్న. మా ఊళ్లో పార్టీ మారితే బోరు మోటారు కూడా పీక్కుపోయేవాళ్లు. రాకెట్టు కంటే ఆ సంగతే అన్నకు ఎక్కువ వింతగా తోచింది.

మరునాడు ప్రొద్దుటూరులో నా వంతు వచ్చింది. నీళ్లు లేవన్నాను, బస్సు లేదన్నాను. అవి నిజాలే, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. "ఈ రాకెట్ల వల్ల మా ఊరికి ఏం ఒరిగింది?" అని అడిగి, అలవాటుగా ఆగాను. చప్పట్లు మోగాయి, సద్దుమణిగాయి. నాకు నోరు పెగల్లేదు. మరిచిపోయాననుకున్నాడు పాపం, ముందు వరసలో కూర్చున్న సారు "ఏమీ ఒరగలేదు, ఏమీ ఒరగలేదు" అని పెదవులతో అందిస్తున్నాడు. బాంబుల బకెట్టు సంగతి అంతమందిలో ఎట్లా చెప్పను? మైకు వదిలేసి దిగొచ్చాను.

ముందురోజు సాయంత్రం మా అన్న ఇంటికి తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, అమ్మ ఎదుట కూర్చుని రెండు ముద్దల సంగటి తిన్నాడు.