రెండు చపాతీల అమ్మాయి గారికి

ఆ గదిలో ఉన్నవి: ఇరవై నాలుగు కంప్యూటర్లు, వాటిలో నడిచేవి పందొమ్మిది. ఒక ప్రింటరు, దాని మీద "మేడంని అడగకుండా ముట్టుకోవద్దు" అని అతికించిన కాగితం. ఏసీ ఒకటి, దాని కింద కుర్చీ కోసం రోజూ జరిగే గొడవ ఒకటి. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చిన ముప్పై ఎనిమిది మంది విద్యార్థులు. మేడం.

పంజగుట్టలో ఒక డిగ్రీ కాలేజీ, మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే మెట్రో రైలు దాదాపు మా ఎత్తులోనే వెళ్లేది. రైలు వచ్చినప్పుడు మేడం మాట ఆపేవారు. వెళ్లిపోయాక ఆపిన పదం దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు. నేను పాలిటెక్నిక్ చదివి ఆ కాలేజీలో చేరినవాణ్ణి కాబట్టి కంప్యూటర్ పాఠాలు నాకు కొత్త కావు. అయినా ఆ క్లాసు ఒక్కటీ ఎగ్గొట్టలేదు.

ఆఖరి సెమిస్టర్‌లో వచ్చే ఆ పేపరుకి పొడుగాటి పేరు ఉండేది. మేము ప్రాజెక్ట్ పేపర్ అనేవాళ్లం. అంతకు ముందు వర్డ్ ఒక సెమిస్టర్‌లో, ఎక్సెల్ ఒక సెమిస్టర్‌లో, డేటాబేస్ ఒక సెమిస్టర్‌లో విడివిడిగా నేర్చుకున్నాం. ఇప్పుడు అన్నీ కలిపి నిజమైన వ్యాపారం ఒకదానికి పనికొచ్చేలా వాడాలి. ముగ్గురు కలిసి ఒక జట్టు. మేడం పెట్టిన నియమం ఒక్కటే.

"ఒకసారి టైప్ చేసింది రెండోసారి టైప్ చేయకూడదు. షీట్‌లో పేరు ఉంటే ఉత్తరంలోకి అదే రావాలి, కవరు మీదకి అదే రావాలి. మీ వేళ్లు కాదు, లింకులు పనిచేయాలి."

మా జట్టులో నేను, బోరబండ నుంచి వచ్చే ఒక మిత్రుడు, ఒక అమ్మాయి. ఆమె వాళ్లమ్మ అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో కర్రీ పాయింట్ నడిపేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పదేళ్లుగా అదే సందులో ఉన్నారు. చుట్టూ హాస్టళ్లు. కోచింగ్ సెంటర్లలో చదువుకునేవాళ్లు గదిలో అన్నం వండుకుని, కూర మాత్రం ఆంటీ దగ్గర కొనుక్కునేవారు. నా హాస్టల్ కూడా అక్కడే. నేనూ ఆమె ఖాతాదారునే.

ఆ బిల్డింగు కూలగొట్టి కొత్తది కడుతున్నామని యజమాని చెప్పేశాడు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఆంటీకి పంజగుట్టలో ఒక సందులో చిన్న గది దొరికింది. దూరం ఎక్కువేం కాదు, నడిచి రావచ్చు. కానీ కర్రీ పాయింట్ కోసం ఎవరు నడుస్తారు? దారిలో ఇంకో అరడజను ఉంటాయి.

"మొదటి రోజు ఓ అరవై మంది వస్తే నిలబడతానమ్మా," అన్నారు ఆంటీ, పొట్లాలకు దారం చుడుతూ. "రాకపోతే బేగంపేటలో ఆ ఆఫీసు క్యాంటీన్‌లో వంటకి రమ్మంటున్నారు. వెళ్లిపోతాను."

ఆ మాట వినగానే కూతురి ముఖం వాడిపోవడం నేను చూశాను. ఆంటీకి క్యాంటీన్ అంటే భయం లేదు. వేరేవాళ్లు రాసిన మెనూ ప్రకారం వండటం అంటేనే ఆమెకి ప్రాణం పోయినట్టు.

అలా మా ప్రాజెక్టు దొరికింది. కొనేవాళ్లందరికీ పేరుపేరునా ఉత్తరం రాయాలి: మేము ఫలానా చోటికి మారుతున్నాం, దయచేసి అక్కడికి రండి, కింద దారి పటం. ఉత్తరాలు ఆంటీ తన చేత్తో, కూర పొట్లంతో పాటు ఇస్తారు.

ఇక్కడ ఒక చిక్కు. ఆంటీకి ఒక్కరి పేరు తప్ప ఎవరి పేరూ తెలియదు. ఎవరి ఫోన్ నంబరూ లేదు. ఉన్నదల్లా స్కాన్ చేసి డబ్బు కట్టినప్పుడు కూతురి ఫోన్‌లో కనిపించే పేరు. అందుకని కూతురు రెండు వారాలు సాయంత్రాలు గల్లా దగ్గర కూర్చుంది. ఫోన్ మోగగానే పేరు చూసి ల్యాప్‌టాప్‌లో ఎక్కించేది. వెంటనే, వచ్చిన మనిషి వినకుండా, వాళ్లమ్మని అడిగేది.

"ఎవరమ్మా ఇది?"

"రెండు చపాతీల అమ్మాయి."

"ఈయన?"

"పప్పు కింద నుంచి తీయొద్దు."

"అది పేరా అమ్మా?"

"రోజూ అదే కదే అంటాడు. నాకు ఆయన పేరు అదే."

అలా షీట్‌లో రెండు నిలువు వరుసలు తయారయ్యాయి. మొదటిదానికి "పేరు" అని, రెండోదానికి "అమ్మ పిలిచేది" అని శీర్షికలు. రెండో వరుస ఎందుకంటే, పొట్లం ఇచ్చేటప్పుడు ఏ ఉత్తరం ఎవరిదో ఆంటీకి తెలియాలి కదా. ఉత్తరం లోపల అసలు పేరు, మడత పైన ఆంటీ పిలిచే పేరుతో చిన్న స్టిక్కరు. ఇచ్చే ముందు స్టిక్కరు పీకేస్తారు. గుండు అంకుల్, శుక్రవారం మేడం, ఉప్పు చూడండి, ఏడ్చిన అబ్బాయి, పెరుగు మర్చిపోయే ఆవిడ. మొత్తం నూట పద్దెనిమిది.

ఉత్తరం నమూనా నేను తయారుచేశాను. "ప్రియమైన", తర్వాత "పేరు" వరుస నుంచి వచ్చే పదం, తర్వాత "గారికి". ల్యాబ్‌లో పరీక్షించాను. నూట పద్దెనిమిదీ సరిగ్గా వచ్చాయి.

ఆ ఆదివారం కూతురు ఆ షీటుని వాళ్లమ్మకి చూపించింది. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి చిన్నబుచ్చుకున్నారట.

"పేరు అని పెట్టి నాకు తెలియని వాళ్లని రాశావు. నాకు తెలిసిన వాళ్లని పక్కన తోశావు. ఇవే కదే వీళ్ల పేర్లు?"

అమ్మ ముచ్చట తీర్చడానికి కూతురు శీర్షికలు రెండూ మార్చింది. ఆంటీ పిలిచేవాటి మీద "పేరు" అని రాసింది. ఫోన్‌లో కనిపించే వాటి మీద "పేమెంట్ పేరు" అని రాసింది. స్టిక్కర్లకు లింకు సరిచేసింది. ఉత్తరం సంగతి ఆమెకి తట్టలేదు. ఉత్తరం మాత్రం తనకు చెప్పినట్టే "పేరు" వరుసనే వెతుక్కుంది.

సోమవారం ప్రింట్‌కి ఇచ్చే ముందు మేము మొదటి ఉత్తరం తెరిచి చూశాం. వరుసలో మొదటి మనిషి లేడీస్ హాస్టల్ వార్డెన్. ఆంటీ అసలు పేరుతో పిలిచే ఒకే ఒక్క మనిషి ఆవిడే. ఉత్తరం ముత్యంలా ఉంది. అన్నీ మడిచి పిన్నులు కొట్టింది మా మిత్రుడు. చదవలేదు. చదవడం తన డ్యూటీ కాదన్నాడు.

గురువారం ప్రెజెంటేషన్. కూతురు స్లైడ్లు చూపించింది, నేను లింకులు వివరించాను. మేడంకి ఒక అలవాటు ఉంది, మొదటి పేజీ ఎప్పుడూ చూడరు.

"నలభై మూడో ఉత్తరం తెరువు," అన్నారు.

తెర మీద వచ్చింది: ప్రియమైన పప్పు కింద నుంచి తీయొద్దు గారికి.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ల్యాబ్ మొత్తం బెంచీలు కొట్టి నవ్వింది. మేడం పెదవులు బిగబట్టుకుని, "నలభై నాలుగు," అన్నారు. ప్రియమైన రెండు చపాతీల అమ్మాయి గారికి. ఇక మేడం కూడా ఆగలేకపోయారు. కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు.

"ఖతం భాయ్," అన్నాడు మిత్రుడు నా చెవిలో. "మొన్నటిసంది పంచుతుండు ఆంటీ. గీపాటికి అందరికీ ముట్టినయ్."

"పంచుతుండు కాదురా, పంచుతుంది," అన్నాను. ఆ సమయంలో నాకు దొరికిన తప్పు అదొక్కటే.

కూతురు మాత్రం నవ్వలేదు. మిగతా ఉత్తరాలు ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. మేడం అది చూసి నవ్వు ఆపేశారు.

"ఎన్ని పంచారు?"

"దాదాపు అన్నీ మేడం."

"మార్కుల సంగతి రేపు చూద్దాం. ముందు అమ్మ దగ్గరికి వెళ్లండి."

ముగ్గురం మెట్రో స్తంభాల కింద నుంచి నడుచుకుంటూ అమీర్‌పేట వెళ్లాం. దుకాణంలో ఆంటీ వంకాయలు తరుగుతున్నారు. కూతురు జరిగింది చెప్పింది. ఆంటీ మొదట తేలిగ్గా తీసుకున్నారు.

"మరి ఏమని రాస్తారు? వాళ్లకీ తెలుసులే, నేను ఏమనుకుంటానో."

"గుండు అంకుల్‌కి తెలుసా అమ్మా?"

"ఆయన పెద్దమనిషి. ఏమీ అనడు."

తర్వాత ఉన్నట్టుండి కత్తిపీట పక్కకి పెట్టేశారు.

"ఏడ్చిన అబ్బాయి," అన్నారు.

ఆ సంగతి అప్పుడే మాకు చెప్పారు. వానాకాలంలో ఒక సాయంత్రం ఆ కుర్రవాడు సాంబారు తీసుకుంటుండగా ఫోన్ వచ్చిందట. ఆఖరి రౌండ్ దాకా వెళ్లిన ఉద్యోగం రాలేదని. సాంబారు పొట్లం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేశాడట. ఆంటీ లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. వెళ్లేటప్పుడు ఎవరికీ చెప్పొద్దాంటీ అన్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. ఆ మాట ఆమె బుర్రలో అతని గుర్తుగా మాత్రమే ఉండిపోయి, కూతురు ఎవరని అడిగినప్పుడు పేరులాగే నోట్లోంచి వచ్చేసింది.

"నిన్ననే ఇచ్చానే. స్టిక్కరు పీకి, మర్చిపోకుండా రా నాన్నా అని చెప్పి నా చేత్తో నేనే ఇచ్చాను," అన్నారు ఆంటీ. నూనె డబ్బా మీద కూర్చుండిపోయారు. "దుకాణం పోతే పోయింది. వాడికిచ్చిన మాట పోగొట్టాను."

మేము ఏం చెప్పినా ఆమె ఊరుకోలేదు. ఆ సాయంత్రం, మర్నాడు అతని కోసం రోడ్డు వైపు చూస్తూనే పొట్లాలు కట్టారు. అతను రాలేదు. మేడం మాకు ఐదు మార్కులు తగ్గించి, ఎందుకు తగ్గించారో కాగితం మీద రాసిచ్చారు: శీర్షిక మార్చినవాళ్లు దానికి ముడిపడినవన్నీ చూడాలి.

కొత్త దుకాణం సోమవారం పొద్దున తెరిచారు. పంజగుట్ట సందు, ఒక పక్క జిరాక్స్ షాపు, ఒక పక్క టైలరు. కూతురు ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. పాత ఖాతాదారు ఎవరు వచ్చినా వాళ్ల పేరు ఎదురుగా టిక్ పెడుతోంది. మిత్రుడు వరుస చూసుకుంటున్నాడు. నేను కవర్లు అందిస్తున్నాను.

పదకొండున్నర దాకా ఎవరూ రాలేదు. తర్వాత శుక్రవారం మేడం వచ్చారు. ఆమె చేతిలో ఉత్తరం ఉంది. నవ్వుతూ, "ఈ రోజు సోమవారం, వెల్లుల్లి వేసినా పర్లేదు," అన్నారు. ఆమె వెనక పెరుగు మర్చిపోయే ఆవిడ, ఆ రోజు పెరుగు ముందే అడిగి. తర్వాత గుండు అంకుల్, ఉత్తరం జేబులోంచి తీసి గల్లా మీద పరిచి మరీ నిలదీశారు.

"ఏమమ్మా, నేను గుండా?"

"మొదటిసారి వచ్చినప్పుడు తిరుపతి నుంచి వచ్చారండి. అందుకని..."

"జుట్టు మొలిచి నాలుగేండ్లయిందమ్మా! జర చూడు, ఎంత ఉన్నదో!"

"మస్తుందంకుల్, జర పక్కకి జరిగితే వెనకోళ్లకి సుత కనిపిస్తది," అన్నాడు మిత్రుడు. వరుసంతా నవ్వింది. అంకుల్ కూడా. రెండు చపాతీల అమ్మాయి ఆ రోజు మూడు తీసుకుంది, ఒకటి తన స్నేహితురాలికని.

ఒంటిగంట దాటాక వరుసలో ఏడ్చిన అబ్బాయిని ఆంటీ చూశారు. గరిటె గిన్నెలోనే వదిలేసి ముందుకి వచ్చారు.

"బాబూ, ఆ ఉత్తరం... పొరపాటు జరిగింది నాన్నా."

"హాస్టల్‌లో అందరూ చదివేశారాంటీ," అన్నాడతను.

"అయ్యో."

"ఎందుకు ఏడ్చావురా అని అడిగారు. చెప్పాను." సంచిలోంచి స్టీలు డబ్బా తీసి గల్లా మీద పెట్టాడు. "ముందే అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి. నేనూ ఎవరికీ చెప్పలేదు కదా. మా రూమ్‌లో ఇంకో ఇద్దరికి కూడా అదే కంపెనీలో పోయిందట. సాంబారు ఇవ్వండి, ముగ్గురికి."

బయట ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, కొత్త ముఖాలు. ఆంటీ డబ్బా నిండా సాంబారు పోశారు. ఒలికేదాకా పోశారు. తర్వాత అడిగారు.

"నీ పేరేంటి నాన్నా?"

చెప్పాడు. ఆంటీ రెండుసార్లు పలికి చూసుకున్నారు. కూతురు "పేరు" వరుసలో పాతది చెరిపి అది రాసింది. రాశాక పక్కన టిక్ పెట్టింది.

మూడింటికి కూరలు అయిపోయాయి. ఆంటీ గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, కూతురి పక్కన వచ్చి నిలబడ్డారు. స్క్రీన్ వైపు చూడకుండా, మా ముఖాలు చూస్తూ, "ఎంతమందే?" అని అడిగారు. షీట్ దానంతట అదే కూడి పెట్టిన అంకె చివరి గడిలో ఉంది. కూతురు చదివింది.

డెబ్బై నాలుగు.