ఏకాదశి నాటి సగ్గుబియ్యం జావ

ఈ రోజు మా నాందేడ్ కాలేజీ ల్యాబులో నాకన్నా పదేళ్లు పెద్దవాడైన అటెండరు విఠల్‌రావును చెంప మీద కొట్టాను.

కరెంటు ఇస్తే నీలంగా మారే అద్దం ఒకటి చేస్తున్నాను. రెండు గాజు పలకల మధ్య పోసిన యాసిడ్ కారిపోతోందని, చిక్కబడేందుకు దాన్ని సగ్గుబియ్యం జావలో కలిపి స్టీలు గిన్నెలో పెట్టాను. ఏకాదశి ఉపవాసంలో ఉన్న విఠల్‌రావు అది ఫలహారమనుకుని చెంచా నోటిదాకా తెచ్చాడు. అరిచే వ్యవధి లేదు, కొట్టాను.

“ఉపాసమున్నోణ్ని కొడ్తవా సార్?” అంటూ నా కాలర్ పట్టుకున్నాడు.

అప్పుడే చెంచాలోంచి కింద ఒలికిన జావలోని యాసిడ్‌కి షాబాదు సున్నపురాయి బండ బుసబుస పొంగింది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, లాగి ఒక్కటిచ్చాడు.

“తినే గిన్నెల గిసొంటిది పెడ్తవా?”

సాయంత్రం అద్దం నీలం కావడానికి నిమిషం పట్టింది. నా చెంప ఎర్రబడటానికి అదీ పట్టలేదు. మొదటి దెబ్బ నాకే పడాల్సిందంటారా?