మా ఆయన ఆవిరి డబ్బా

సౌదీలో, దమ్మామ్‌లో ఉన్న రోజుల్లో మా ఆయన సిగరెట్లు మానేశారు. కంపెనీ మెడికల్‌లో ఊపిరి ఊది చూపించమంటే సరిగా ఊదలేకపోయారట. ఇంటికొచ్చి ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ సాయంత్రం బాల్కనీలోకి వెళ్ళి రెండుసార్లు ప్యాకెట్ తీసి, రెండుసార్లూ మళ్ళీ జేబులో పెట్టేసుకోవడం వంటింట్లోంచి చూశాను.

ఆయన చమురు కంపెనీలకు వాల్వులూ పైపులూ సరఫరా చేసే ఒక చిన్న సంస్థలో పర్చేజ్ చూసేవారు. ఆఫీసులో ఒక మలయాళీ సహోద్యోగి బ్రిడ్జి దాటి బహ్రెయిన్ వెళ్ళొస్తూ సిగరెట్‌కు బదులు ఆవిరి పీల్చే, పెన్నులాంటి ఒక వేప్ తెచ్చిచ్చాడు. దానితో మొదలైంది. ఇల్లంతా మామిడిపండు వాసన. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్న ఒళ్ళో కూర్చుని ఆ వాసన చూసేది. నేను చాలా సంతోషపడ్డాను, దాచుకోను. పెళ్ళయినప్పటి నుంచీ నేను పోరుపెట్టి మాన్పించలేనిది ఒక పెన్ను మాన్పించింది కదా అనుకున్నాను.

కానీ ఇరవై ఏళ్ళ అలవాటుకు ఆ పెన్ను చాల్లేదు. "గొంతులో తగలట్లేదే, గాలి పీల్చినట్టుంది" అనేవారు. కొన్నాళ్ళకు అరచేతిలో పట్టే ఒక డబ్బా కొన్నారు. బరువుగా ఉండేది. పక్కన చిన్న తెర, దాని మీద వాట్లు. వెనక మూత తీస్తే పక్కపక్కన రెండు బ్యాటరీలు, ఒక్కొక్కటీ నా చిటికెన వేలంత పొడవు. ఆయన వాట్లు పెంచి పీల్చి వదిలితే గదిలో టీవీ కనిపించేది కాదు.

ఆ బ్యాటరీలు చూసి నాకు భయం పట్టుకుంది. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు గనక మా బిల్డింగు పిల్లలకు ఇంట్లోనే పాఠాలు చెప్పేదాన్ని. టార్చిలైటు బ్యాటరీకీ దీనికీ తేడా ఉంటుందని తెలుసు. ఎంత తేడానో తెలియదు. ఒకరోజు, "ఇవి ఎక్కడ కొన్నారో అక్కడికి నన్ను కూడా తీసుకెళ్ళండి" అన్నాను.

"నువ్వు మరీనూ, ఫోను బ్యాటరీ లాంటిదే ఇది కూడా" అన్నారు. కానీ తీసుకెళ్ళారు.

అది మార్కెట్ దగ్గర సందులో ఒక చిన్న కొట్టు. కౌంటర్ దగ్గర ఒక సౌదీ కుర్రాడు కూర్చునేవాడు. వెనక తెర దాటితే ఒక బల్ల, ఒక దీపం, కడప అతను ఒకడు. ముప్పై దాటి ఉంటాయి. అంతకుముందు ఫోన్లు రిపేరు చేసేవాడట. ఫోన్ల దుకాణాల్లో పని పూర్తిగా వాళ్ళ దేశం వాళ్ళకే అని రూలు వచ్చాక ఆ పని పోయింది. ఇక్కడ తెర వెనక వేప్‌లలో వేడెక్కే తీగచుట్టలు, అంటే కాయిల్స్, మార్చడం, పాడైన డబ్బాలు బాగుచేయడం చేస్తున్నాడు. తనిఖీ వాళ్ళు వస్తే వెనక తలుపులోంచి వెళ్ళిపోవాలని మా ఆయనతో మామూలుగా చెప్పాడు, కరెంటు పోతుందని చెప్పినట్టు.

నేను తెలుగులో అడిగేసరికి అతని ముఖం విప్పారింది. "యా ఊరక్కా మీది?" అన్నాడు. కాకినాడ అంటే, "అబ్బో, సముద్రం సైడు" అని నవ్వి, డబ్బాలోంచి బ్యాటరీ తీసి దీపం కింద తిప్పాడు.

"సూడక్కా, దీని మీద మిల్లీయాంప్ అని రాసుంటాదే, జనం అదొక్కటే సూస్తారు. ఎక్కువుంటే మంచిదనుకుంటారు. అది ఎంతసేపు వస్తాదో సెప్పేది. మనకు గావాల్సింది ఒక్క తూరి ఎంత కరెంటు ఇడిస్తాదనేది. అది ఆంపియర్లు. అది గూడా ఊరికే ఒక్క సెకను ఇచ్చేది గాదు, ఆగకుండా ఇచ్చేది సూడాల."

"మరి రెండూ ఎక్కువ ఉన్నవి కొనుక్కోవచ్చు కదా భాయ్?" అన్నాను.

"ఈ సైజులో రెండూ ఎక్కువుండేది దొరకదక్కా. ఉందని రాస్తే అది అబద్ధం. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు పీకి కొత్త తొడుగు ఏసి అమ్ముతారు."

తొడుగు అంటే బ్యాటరీ చుట్టూ ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర. అది చిరిగితే వాడొద్దన్నాడు. రెండూ ఒకేరోజు కొన్నవే జంటగా వాడాలి, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ కలపొద్దు. కారులో వదిలేయొద్దు, మన ఎండలు తెలుసు కదా అన్నాడు. జేబులో విడిగా పెట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాడు. తాళాలకో చిల్లరకో తగిలితే అంతేనట. ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె ఊరికే ఇచ్చాడు, బ్యాటరీలు పెట్టుకోవడానికి.

ఆ రోజు నుంచీ ఆ బ్యాటరీలు నా పనుల్లో ఒకటైపోయాయి. చార్జరు వంటింట్లో రాతి బండ మీద, కర్టెన్‌కు దూరంగా పెట్టాను. అన్నం వార్చేటప్పుడు వాటిని ఓసారి ముట్టుకుని వేడి చూసేదాన్ని. అవి చార్జింగ్‌లో ఉండగా ఎవరినీ నిద్రపోనిచ్చేదాన్ని కాదు. ఇంకో పిల్లను సాకుతున్నావని మా ఆయన ఎగతాళి చేసేవారు. మా అమ్మాయి ఒకరోజు తొడుగు మీద చిన్న గీత కనిపెట్టి పరుగెత్తుకొచ్చి చూపించింది. ఆ జంటను పక్కన పెట్టేయించాను.

అప్పటికే మా బిల్డింగు ఖాళీ అవుతోంది. కుటుంబం మీద పన్ను, మనిషికింతని, అక్కడ ఉండనిచ్చే కార్డు ఇకామా, దాని రెన్యువల్‌కు ఏడాదిది మొత్తం ముందే కట్టాలి. ప్రతి ఏడాదీ అది పెరుగుతోంది. నా దగ్గర చదువుకునే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, "ఆంటీ, మేం ఎగ్జిట్" అని చెప్పి వెళ్ళిపోయేవారు. చివరికి మా అమ్మాయి ఒక్కతే మిగిలింది, దానికి నేనే అమ్మనీ నేనే టీచరునీ. మెట్ల కింద ఎవరో వదిలేసిన చిన్న సైకిలు చాలా రోజులు అలాగే ఉండిపోయింది.

మా ఆయన కంపెనీలో ఇంకో గొడవ. సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే సర్కారు లెక్క, నితాఖత్‌లో వాళ్ళు ఎల్లో నుంచి రెడ్‌లోకి పడ్డారు. సౌదీలు తక్కువ, మనవాళ్ళు ఎక్కువ. రెడ్‌లో ఉంటే ఇకామాలు రెన్యువల్ కావు. హెచ్చార్ అతన్ని అడిగితే, "వెయిట్ చేయండి, ఇన్షాల్లా" అనేవాడట. ఆయన ఇంటికొచ్చి చొక్కా అయినా మార్చుకునేవారు కాదు. సోఫాలో కూర్చుని ఆ డబ్బా నొక్కుతూ ఉండేవారు. వాట్లు పెరుగుతూ పోయాయి.

ఆ మలయాళీ సహోద్యోగి కూడా ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వేయించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ తన వేప్ ఒకటి ఈయనకు బహుమతిగా ఇచ్చాడు. ఇత్తడి గొట్టం. తెర లేదు, వాట్లు లేవు, లోపల సర్క్యూట్ అనేదే లేదు. కింద మీట నొక్కితే బ్యాటరీ తిన్నగా కాయిల్‌కు తగులుతుంది, వదిలేదాకా తగులుతూనే ఉంటుంది. ఆపేది ఏదీ లేదు.

కాయిల్ రెసిస్టెన్స్ ఎంతని అడిగాను. చెప్పారు. నిండా చార్జ్ అయిన బ్యాటరీ వోల్టేజీని దానితో భాగిస్తే ఎంతొస్తుందో కిరాణా కొట్టు క్యాలెండరు వెనక వేసి చూపించాను. బ్యాటరీ ఇవ్వగలిగిన దానికన్నా అది బాగా ఎక్కువ.

"పరీక్షలో అడిగినట్టు అడుగుతావేంటే? వాడు రెండేళ్ళు వాడాడు, ఏమైంది?"

"ఆయనకేం కాలేదని మీకూ కాకుండా పోతుందా అండీ? కాయిలన్నా మార్పించండి."

"సరేలే. భాయ్‌ని అడుగుదాం."

అడుగుదామని వెళ్ళాం. తెర లేదు. వెనక బల్ల ఉన్నచోట అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. కౌంటర్ దగ్గరి కుర్రాణ్ణి మా ఆయన అరబీలో అడిగారు. "ఖలాస్. రాహ్ అల్ హింద్" అన్నాడతను. అయిపోయింది, ఇండియా వెళ్ళిపోయాడు. తనిఖీలో దొరికాడా, తనే వెళ్ళాడా అంటే భుజాలు ఎగరేశాడు. మంచి కుర్రాడే, మా అమ్మాయికి చాక్లెట్ ఇచ్చాడు. బ్యాటరీలు చూపించమంటే ఎర్ర తొడుగువి తీశాడు. వాటి మీద పెద్ద పెద్ద అంకెలు. ఆ సైజు బ్యాటరీలో అంత పట్టదని నాకు తెలుసు.

"ఇవి వద్దండీ" అన్నాను మెల్లిగా.

"మరి ఏవి కొనమంటావు? పాతవి చార్జి నిలవట్లేదు. వేరే చోట అడిగాను, అక్కడా ఇవే."

ఆ ఊళ్ళో నాకు ఒక్క కొట్టు తెలుసు, ఒక్క మనిషి తెలుసు. కారు నడపడం రాదు. ఆయన కొన్నారు. నేను కారులో వెనక్కి తిరిగి మా అమ్మాయితో మాట్లాడుతూ కూర్చున్నాను.

తర్వాత కొద్ది రోజులకు హెచ్చార్ అతను తేల్చి చెప్పాడు. కుటుంబాన్ని పంపించేస్తే ఇకామా సంగతి చూస్తాం, కుటుంబం పన్ను కంపెనీ కట్టదు. మా ఆయన రెండు రోజులు లెక్కలు వేసుకుని, "వేసవి సెలవులేగా, ముందు మీరు వెళ్ళండి" అన్నారు. సెలవులకు కాదని మా ముగ్గురికీ తెలుసు.

సామాను సర్దడానికి అట్టపెట్టెలు తెద్దామని ఒక శుక్రవారం నమాజు తర్వాత, కొట్లు తెరిచే వేళకు బయల్దేరాం. తొందరలో ఆయన ఎర్ర బ్యాటరీలు రెండూ చార్జరులోంచి తీసి ప్యాంటు జేబులో వేసుకున్నారు. నేను చూడలేదు, అమ్మాయికి జడ వేస్తున్నాను. కారు తాళాలు కూడా అదే జేబులో ఉన్నాయి.

రెండో అంతస్తు మెట్ల దగ్గర బుస్సుమని చప్పుడైంది. కుక్కర్ విజిల్ అనుకున్నాను. ఆయన తొడ దగ్గర్నుంచి తెల్లటి పొగ చిమ్ముతోంది. ఆయన అరవలేదు, జేబులో చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నారు. నేను పట్టుకోబోతే, "రాకు, పిల్లను తీసుకుపో" అన్నారు. అమ్మాయి ముఖం నా పొట్టకేసి అదుముకుని మెట్ల మీద నిలబడిపోయాను. నాకు ఆ బ్యాటరీల గురించి తెలిసినదంతా ఆ క్షణంలో ఎందుకూ పనికిరాలేదు. ఎదురు ఫ్లాటు పాకిస్తానీ పెద్దాయన తలుపు తీసి, పరుగున వచ్చి, "పతలూన్ ఉతారో, పతలూన్ ఉతారో భాయీ" అంటూ తనే బెల్టు లాగేశాడు. ప్యాంటు కింద పడి కాసేపు మండింది. ఆ పెద్దాయన బకెట్‌తో నీళ్ళు తెచ్చి మా ఆయన కాలు మీద పోస్తూనే ఉన్నాడు.

తొడ మీద అరచేతికన్నా పెద్ద మచ్చ, తోలు ఊడిపోయింది. చేతి వేళ్ళు రెండు కాలాయి. ఆ పెద్దాయనే లుంగీ కట్టించి కారులో దగ్గరి క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. రిసెప్షన్‌లో కార్డు కొట్టి చూసి, "ఇన్సూరెన్స్ ఆగిపోయింది" అన్నారు. కంపెనీ ఆ ఏడాదిది ఇంకా కట్టలేదట. మాకెవరూ చెప్పలేదు. హెచ్చార్ అతనికి నేను ఫోను మీద ఫోను చేశాను. శుక్రవారం, ఎత్తలేదు. మా ఆయన కుర్చీలో లుంగీ పక్కకు పట్టుకుని, పళ్ళు బిగించి, "పోనీ ఇంటికెళ్దాం" అంటున్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అక్కడ చేర్చుకున్నారు. ఒక ఈజిప్టు డాక్టరు కాలు కడిగి కట్టు కడుతూ, ఏం కాలిందని అడిగాడు. బ్యాటరీ అన్నాను. "సిగరెట్ కోసమా?" అన్నాడు. తల ఊపాను. అతను కట్టు చివర ముడి వేశాడు.

పెట్టెలు నేనూ అమ్మాయీ సర్దాం. ఆయన మంచం మీద నుంచి ఏది ఎందులో పెట్టాలో చెప్పేవారు. రోజూ కట్టు మార్చేదాన్ని. నేను వెళ్ళిపోయాక ఎవరు మారుస్తారని అడిగితే, "అప్పటికి మానుతుందిలే" అన్నారు. పూర్తిగా మానలేదు. కుంటుకుంటూనే ఎయిర్‌పోర్టుకు వచ్చారు. ఇత్తడి గొట్టం పారేస్తానని మాటిచ్చారు, పారేశారు కూడా. డబ్బా మాత్రం ఉంచుకున్నారు. మంచి బ్యాటరీలు ఎవరిచేతనైనా బహ్రెయిన్ నుంచి తెప్పించుకుంటానన్నారు. మా వేలిముద్రలు తీసుకుని స్టాంపు కొట్టాక వెనక్కి చూశాను. అద్దాల అవతల ఆయన ఎటు చూడాలో తెలియనట్టు నిలబడి ఉన్నారు.

కాకినాడలో స్కూలు దగ్గర ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. ఆయన ఫ్లాటు వదిలేసి కంపెనీ గదికి మారారు, ఇంకో ఇద్దరితో కలిసి. వీడియో కాల్‌లో మొదట్లో రోజూ అడిగేదాన్ని, బ్యాటరీలు చూపించండి, తొడుగు తిప్పి చూపించండి అని. చూపించేవారు. కెమెరా మసకగా ఉండేది, గీతలున్నాయో లేదో కనిపించేది కాదు. బాగున్నాయి అనేవారు, నమ్మేదాన్ని. వాట్లు ఎంత పెట్టారంటే ఒక అంకె చెప్పేవారు, అదీ నమ్మేదాన్ని.

కొన్ని నెలలకు బ్యాటరీలు కనిపించడం మానేశాయి. చార్జరు కూడా బల్ల మీద లేదు. అడిగితే మాట మార్చారు. ఒకరోజు ఫోను జారి పక్కకు ఒరిగినప్పుడు, మంచం కోడు పక్కన టీ గ్లాసు నిండా సిగరెట్ పీకలు కనిపించాయి.

నేను చూశానని ఆయనకు అర్థమైంది. ఫోను సర్దుకున్నారు.

"ఆ డబ్బాకు చాకిరీ నువ్వు చేసేదానివి" అన్నారు. "నా వల్ల కాలేదే. జేబులో వేసుకోవాలంటేనే కాలు జివ్వుమంటోంది."

తిట్టాలనిపించింది. ఏమని తిట్టను? బ్యాటరీలు వాడమననా, సిగరెట్లు కాల్చమననా? రెండూ మానెయ్యమని అనొచ్చు. ఆ గదిలో, ఆ ఇద్దరితో, రెడ్‌లో ఉన్న ఆ కంపెనీలో ఆయనకు ఇంకేం మిగిలిందని అనను? అమ్మాయి స్కూల్లో బొమ్మల పోటీకి పేరిచ్చిందని చెప్పాను. బాగుంది అన్నారు.

"పోనీ కిటికీ అయినా తీసి కాల్చుకోండి."

"కిటికీలో ఏసీ బిగించి ఉంది."

"సరే" అన్నాను.