ఊఁ కొట్టకుండా విన్న కథ

మా బిడ్డ మెదడుకు ఫొటోలు తీస్తుంది. హైదరాబాద్‌లో పెద్ద చదువు అయిపోయాక ఇంకా పెద్ద చదువు, రీసెర్చి. సిద్దిపేటలో మా కిరాణం దుకాణానికి వచ్చేవాళ్లు "మీ బిడ్డ తలకాయ డాక్టరా?" అంటే నేను అవుననను, కాదనను. ఉల్లిగడ్డలు తూచుకుంటూ నవ్వుతాను.

బడికి పెద్దగా పోని మావంటి ఆడవాళ్లు కథ వింటుంటే మెదడులో ఏ మూల పని జరుగుతుందో కనిపెట్టాలని దాని పట్టు. పని జరిగే మూలకు రక్తం ఎక్కువ పోతుందట, మిషన్ దాన్ని పట్టుకుంటుందట. పెండ్లింట్లో జనం ఎటు ఎగబడుతున్నారో చూసి భోజనాల బంతి ఎక్కడ లేచిందో చెప్పినట్టన్నమాట. చదువుకున్న పిల్లల మెదళ్లు అందరూ చూస్తారు, మా అమ్మవాళ్లవి ఎవరు చూశారని వాళ్ల సారుతో కొట్లాడి మరీ ఈ పని తెచ్చుకుంది.

అట్లా మా వాడకట్టు ఆడవాళ్లం హైదరాబాద్ బస్సెక్కాం. మిషన్ గదిలోకి ఇనుము, బంగారం ఏదీ పోగూడదన్నారు. పుస్తెలు తీసి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకున్నాం. మా యారాలు, అంటే మా మరిది భార్య, ముక్కుపుల్ల ఊడదీయడానికి సబ్బునీళ్లు తెప్పించింది.

"తల కదలొద్దు చిన్నమ్మా. చెవులల్ల కథ వస్తది. ఊకె వినుడే" అని బిడ్డ చెప్పింది.

"గంతేనా? మీ చిన్నాయిన ముంగట దినాం చేసేది గదే గద!" అంది మా యారాలు.

లోపల ఒకటే మోత, రేకుల మీద రాళ్లవాన పడ్డట్టు. ఆ మోతలోనే చెవులకు పెట్టిన డబ్బాల్లోంచి ఎవరో మంచి గొంతుతో కథ చెప్పారు. బయటికి వచ్చాక చూస్తే బిడ్డ ముఖం వాడిపోయి ఉంది. ఫొటోలన్నీ అలికినట్టు వచ్చాయి.

"చిన్నమ్మా, తల ఊపినవా?"

"ఎక్కడిది బిడ్డా! ఊఁ కొట్టిన, గంతే."

యారాలే కాదు, అందరం కొట్టాం. మా దగ్గర ఒకరు కథ చెబుతుంటే ఊఁ కొట్టకపోవడం మర్యాద కాదు. ఊఁ ఆగితే చెప్పేవాళ్లు "పండుకున్నవా?" అని కథే ఆపేస్తారు. మళ్లీ పోయినప్పుడు నోరు మూసుకొమ్మంటే ఊఁ గొంతులోకి దిగింది. గొంతు ఆపితే గడ్డంలోకి వచ్చింది. తలకు అటూ ఇటూ మెత్తలు పెట్టి బిగించినా ఆగలేదు. "పాపం, ఎవలో గంత మంచిగ చెప్తుంటె మొద్దులెక్క పండుమంటవా?" అని మా యారాలు బిడ్డనే కసిరింది.

ఆ తర్వాత ఓ ఆదివారం బిడ్డ ఇంటికి వచ్చింది. అర్రలో సారుతో ఫోన్ మాట్లాడుతుంటే నేను చాయ్ తీసుకుని పోయి, పరదా దగ్గరే ఆగిపోయాను. ఫోన్‌లో సారు గొంతు గట్టిగానే వినబడుతోంది. "ఈసారి కూడా ఫొటోలు చెడిపోతే మీ ఊరివాళ్లను వదిలెయ్యమ్మా. కాలేజీ పిల్లలతో చేసుకో."

"ఇంకొక్కసారి చూస్త సార్" అని బిడ్డ బతిమాలింది. అంతలో పరదా జరిగింది.

"ఎంతసేపాయె అమ్మా, గీడ నిలవడి?"

"గిప్పుడే వచ్చిన."

అది నా చేతిలోని చాయ్ చూసింది. మీద మీగడ కట్టి ఉంది.

"అబద్ధం! గింతసేపు విన్నవు, ఒక్క ఊఁ కొట్టలే. చాయ్ సుత తొణకలే!"

"సాటుకు వినేటప్పుడు ఊఁ ఎట్ల కొడ్తరే? దొరకమా?"

బిడ్డ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పకపకా నవ్వి, ఆ చల్లటి చాయ్ మీగడతో సహా తాగేసింది.

పాత కథ తీసి పక్కన పెట్టింది. మావాళ్లు గొంతు గుర్తుపట్టకుండా వేరే ఊరు జగదేవ్‌పూర్ ఆడవాళ్లిద్దరితో కొత్తది చెప్పించింది. ఒక కోడలు అత్తకు తెలియకుండా స్కూటీ నేర్చుకుంటోందని వాళ్లిద్దరూ గుసగుసలాడుకుంటారు. ఈసారి మిషన్‌లోకి పంపేముందు మా యారాలి చెవిలో బిడ్డ ఒకటే మాట చెప్పింది. "గోడ అవతల ఎవలో మాట్లాడుకుంటున్నరు చిన్నమ్మా. నువ్వు ఇటు దిక్కున్నవని వాళ్లకు ఎర్కలేదు."

సారు కూడా వచ్చి అద్దం ఇవతల నిలబడ్డాడు. బిడ్డ చున్నీ కొస నములుతోంది. కంప్యూటర్ మీద ఒక గీత, తల కదిలితే ఎగురుతుందట. మొన్న పెనం మీది ఆవాలలాగా ఎగిరిన ఆ గీత ఇవాళ చాపలాగా పరుచుకుని పడుకుంది.

"ఈమె నిద్రపోయిందా?" అన్నాడు సారు.

"లేదు సార్. చాటుగా వింటోంది."

యారాలిని బయటికి లాగీ లాగకముందే లేచి కూర్చుని బిడ్డ చెయ్యి పట్టుకుంది. "గా కోడలు అత్తకు దొరికిందా, లేదా? గాడనే ఎందుకు ఆపిన్రు? నన్ను మల్ల పండవెట్టు!"

సారు నవ్వు ఆపుకోలేకపోయాడు. "కాలేజీ పిల్లలు వద్దులే. వీళ్లతోనే కానివ్వు" అన్నాడు.

ఇంకా మిషన్ ఎక్కనివాళ్ల ముందు ఆ కథ ఎత్తొద్దని బిడ్డ నాతో ఒట్టు వేయించుకుంది. నేను ఎత్తను. కానీ యారాలు ఎక్కి దిగింది కదా. రోజూ పొద్దుగూకేసరికి దుకాణానికి వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుంటుంది. బిడ్డ రాయని మిగతా కథ నేను అల్లుతుంటాను. మొన్నటికి కోడలు స్కూటీ మీద అత్తనే ఎక్కించుకుని కోమటి చెరువు కట్ట దాకా పోయింది.

యారాలు తల ఊగిపోయేట్టు ఊఁ కొడుతోంది.