అక్క కారులో చప్పుడు

కార్లు బాగుచేసే షెడ్డులో అతన్ని అందరూ డాక్టరనే పిలిచేవారు. ఒక్క బోల్టు కూడా విప్పకుండా, పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బేమిటో చెప్పేసేవాడు. "మా బామ్మర్ది చెవి పెట్టాడంటే ఇంజను నిజం కక్కాల్సిందే, మా ఆవిడ ముందు నేను కక్కినట్టు" అని అక్క మొగుడు కనపడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆ బావ తీరే అంత. ఆయన నోరు తెరిస్తే నలుగురు చుట్టూ చేరాల్సిందే.

ఆ చలికాలం మొదట్లో బావ మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చుంటే అక్కే కారు నడుపుతూ ఆస్పత్రికి తిప్పేది. పాత హైబ్రిడ్ కారు అది. కాసేపు బ్యాటరీ మీద, కాసేపు పెట్రోలు మీద నడిచే రకం. ఇంజను తనకి బుద్ధి పుట్టినప్పుడు లేస్తుంది, అక్కర్లేదనుకుంటే పడుకుంటుంది.

ఓ రోజు అక్క షెడ్డుకొచ్చింది. "ఒరేయ్, పొద్దున్నే బయల్దేరేటప్పుడు ముందువైపు టకటకమంటోంది. కాస్త దూరం పోయాక ఆగిపోతోంది."

కారు అక్కడే వదిలేసి వెళ్లమన్నాడు. మర్నాడు ఆమె వచ్చాక, చల్లగా ఉన్న ఇంజన్ని లేపి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏం లేదక్కా."

"అదిగో, అదిగో! వినపడట్లేదూ?"

"ఉంటేగా వినపడ్డానికి! నీ చెవుల్లోనే ఏదో మోగుతున్నట్టుంది."

అక్క కూడా నవ్వేసింది. తమ్ముడు లేదన్నాక ఇంక ఉండదని ఆమె ధీమా.

తరవాతి వారం ఎముకలు కొరికే చలి. ఆస్పత్రి ముందు కారాపి, చీటీ తీసుకోడానికి అక్క లోపలికెళ్లింది. బావకి చలేస్తుందని హీటరు వేసి, అద్దాలన్నీ బిగించి వెళ్లింది. కారు కదలట్లేదు కాబట్టి ఇంజను పడుకునే ఉంటుందనుకుంది. కానీ హీటరుకి వేడి కావాలి. అందుకని ఇంజను లేస్తూ పడుకుంటూ ఉంది, లేచినప్పుడల్లా దాని పొగ లోపలికి చేరుతూనే ఉంది. లోపల వరస కదిలేసరికి ఆలస్యమైంది. తిరిగొచ్చి తలుపు తీస్తే బావ సీట్లో పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

ఆస్పత్రి గుమ్మంలోనే ఉండబట్టి ప్రాణం దక్కింది. పొగ రక్తంలో కలిసిందని, కబురందుకుని పరిగెత్తుకొచ్చిన తమ్ముడికి డాక్టర్లు చెప్పారు. అతను అద్దాలన్నీ దించి కారు షెడ్డుకి తోలుకొచ్చాడు.

చేతులు లోపల ఉండగా ఇంజను లేవకుండా ముందు కరెంటు తప్పించాడు. ఇంజనుకీ, పొగ గొట్టానికీ మధ్య సందు లేకుండా పట్టుకునే పల్చటి బిళ్ల గ్యాస్కెట్. దాన్ని చేరాలంటే తుప్పు పట్టిన బోల్టులు విప్పాలి. నూనె పోసి నానబెట్టినా ఒకటి విరిగింది. డ్రిల్లు పెట్టి దాన్ని తొలిచి తీసేసరికి వేళ్లు చీరుకుపోయాయి. గొట్టం ఊడదీస్తే గ్యాస్కెట్ ఒక పక్క కాలి, పెళుసుగా రాలిపోయింది. ఆ పక్కనే ఇనుము మీద నల్లటి మసి చార, కాటుక కారినట్టు. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచే పొగ తన్నుకొచ్చి టకటకమంటుంది. ఇనుము వేడెక్కి ఉబ్బితే సందు బిగుసుకుని చప్పుడు తగ్గుతుంది. అక్క చెప్పింది అచ్చం అదే. బల్బు వెలుగులో ఆ మసినే చూస్తూ ఉండిపోయాడు.

ఇంజనూ గొట్టమూ కలిసే అంచులు రెండూ నున్నగా గీకి, కొత్త గ్యాస్కెట్ పెట్టి, బోల్టులు ఒకటి విడిచి ఒకటి కొద్దికొద్దిగా బిగించాడు. వెనక గొట్టంలోంచి గాలి కొట్టి, అతుకు మీద సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. అప్పుడు కరెంటు మళ్లీ కలిపి, అక్కని పిలిపించి, స్టార్ట్ చేయమని తల బానెట్ కిందకి వంచాడు.

"ఊఁ, కానీ అక్కా. ఇంజను లేపు."

అక్క దిగి వచ్చి అతని భుజం పట్టుకుంది.

"లేచి ఎంతసేపయిందిరా!"

అతను చెయ్యి పెట్టి చూశాడు. గొట్టం వెచ్చగా వణుకుతోంది.

చెవుల డాక్టరు అతన్ని పరీక్ష చేసి, సన్నటి చప్పుళ్లన్నీ ఎప్పుడో పోయాయనీ, షెడ్డు మోతే తినేసిందనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పాడు. "పిలవగా పిలవగా గానీ పలకట్లేదు. ధ్యాస పని మీద ఉందనుకున్నానండీ" అంటూ అతని భార్య కళ్లొత్తుకుంది. అతను షెడ్డుకి మళ్లీ వెళ్లలేదు. కావాలంటే బుడగలు చూసి పని చేయొచ్చని తోటి మెకానిక్కులు చెప్పి చూశారు. తన మాట తనకే నమ్మబుద్ధి కానప్పుడు ఇంకొకరి కారు ఎలా ముట్టుకోను అన్నాడు.

బావ కాలు అతుక్కుంది. మనిషే మునుపటిలా లేడు. పొగ దెబ్బ కొన్నాళ్లకి బుర్ర మీద తేలింది. హాస్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయి, దిక్కులు చూసేవాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు తల దించుకునేవారు. "నీ తప్పేముందిరా, వినపడనిదాన్ని ఎలా వింటావు" అని అక్క ఎన్నోసార్లు అంది. అంటున్నప్పుడు ఒక్కసారీ అతని మొహం చూడలేదు.

అయినా అతను రోజూ మధ్యాహ్నం వెళ్లి బావ పక్కన కూర్చునేవాడు. అక్క బజారుకెళ్లిన ఓ రోజు బావ అతన్ని తేరిపార చూసి, ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడు.

"కూర్చోండి. మా ఆవిడ ఇప్పుడే వస్తుంది. మీకేం కావాలో ఆవిడతో చెబుదురుగాని."

అతను ఆ కుర్చీలో కూర్చున్నాడు. బావ పెదాలు ఇంకా ఏదో గొణుగుతున్నాయి. అతనికి వినపడలేదు.