లిన్ టీచర్ చెప్పిన పాత అచ్చులు

నిన్న ఇక్కడి అరబ్బు దేశంలో, సాల్మియా బజారులో సరుకులు కొంటుంటే పక్కనెవరో మల్లెపూల టీ డబ్బా మూత తీసి వాసన చూశారు. ఆ వాసన తగలగానే చేతిలో బుట్టతో అలాగే నిలబడిపోయాను. లిన్ టీచర్ గదికి రోజూ నేను తీసుకెళ్లే గ్లాసులోంచి వచ్చిన వాసన అది. అప్పట్లో అక్కడే ఒక భాషల శిక్షణ కేంద్రంలో టీ పెట్టి, గదులు తుడిచేదాన్ని. ఆవిడ చైనా నుంచి వచ్చిన అరవై ఏళ్ల మనిషి, పిల్లలకు చైనీస్ నేర్పేవారు. కొంత ఇంగ్లీషు, కొంత అరబ్బీ, మిగిలింది చేతులు. మా మాటలు అలా నడిచేవి.

నిజానికి అప్పటికి నేను తెలుగులో మాట్లాడటమే బాగా తగ్గించేశాను. మాది రాయచోటి దగ్గర పల్లె. రిగ్గైలో నాతో గది పంచుకున్న పద్మక్కది అమలాపురం. మనసు వెన్న, కానీ నా నోట ఏ మాట వచ్చినా దిద్దేది. 'మ్యాక కాదే రెడ్డెమ్మా, మేక' అని నవ్వేది. ఆ నవ్వులో చెడు లేదు. అయినా నోరు విప్పే ముందు ప్రతి మాటనూ లోపల సరిచూసుకోవడం మొదలుపెట్టాను. చివరికి మాటే వద్దనిపించేది.

ఒకరోజు గది తుడుస్తుంటే పిల్లలు ఏదో పాత పాట వల్లిస్తున్నారు. అర్థం తెలియకపోయినా పాదాల చివర్లు చెవికి హాయిగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం మెట్టు తప్పినట్టయింది. పిల్లలు వెళ్లాక, అక్కడ తప్పు చదివారా అని అడిగాను. టీచర్ కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ అది అడగలేదన్నారు.

"తప్పు వాళ్లది కాదు. అచ్చు కదిలిపోయింది."

బోర్డు మీద ఒక గుర్రం, ఒక ఆడమనిషి బొమ్మ గీశారు. ఇప్పుడు గుర్రాన్ని 'మా' అంటారు, ఆడమనిషిని 'న్యూ' అంటారు. వేల ఏళ్ల కిందట రెండింటి చివరా 'ఆ' పలికేదట, అందుకే పాత పాటల్లో అవి చక్కగా జోడీ కుదిరేవట. ఆనాటి గొంతులు విన్నవాళ్లు లేరు కదా, ఎలా తెలిసిందన్నాను. పాటలే సాక్ష్యమన్నారు. ఏ మాట ఏ మాటతో జత కట్టిందో రాసుకుంటూ పోతే పోయిన అచ్చు దొరుకుతుందట. ఆ సంగతి తెలియని కొందరు పండితులు, ప్రాస కుదర్చడానికి ఒకే మాటను ఒక్కో పాటలో ఒక్కోలా వంచి చదివారట. అది చెబుతూ ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. మా అవ్వ నన్ను ఒళ్లో ఊపుతూ పాడిన ముక్క చెప్పాను: "కొమ్మ మీద కాకా, కొండ కింద మ్యాకా." తర్వాత పద్మక్క దిద్దినట్టు 'మేకా' అంటే జోడీ ఎలా తప్పుతుందో చూపించాను. టీచర్ కుర్చీలోంచి లేచి, పదిసార్లు చెప్పించుకున్నారు.

ఆ నెలలోనే వార్షికోత్సవం. పాత శబ్దాల గురించి టీచర్ మాట్లాడాలి. నన్నూ వేదిక మీదికి పిలుస్తానన్నారు. తుడిచే మనిషి వేదికెక్కితే తల్లిదండ్రులు ఏమనుకుంటారని మేనేజరు ఒప్పుకోలేదు. నేనీ దేశంలో ఉండటానికి కావలసిన అనుమతి కార్డు, ఇఖామా, వాళ్ల చేతిలో ఉంది. నన్ను వదిలేయమని నేనే టీచర్‌ను బతిమాలాను. టీచర్ మేనేజరు వైపు తిరిగారు.

"ఆమె లేకపోతే నా పాఠానికి సాక్ష్యం లేదు. అప్పుడు నేనూ రాను."

ఎక్కాను. అవ్వ పాటను రెండు రకాలుగానూ చెప్పాను. తెలుగు ముక్క రాని అరబ్బు తల్లులు, చైనా తండ్రులు 'మేకా' దగ్గర తల అడ్డంగా ఊపారు. 'మ్యాకా' దగ్గర పిల్లలంతా గొంతు కలిపారు. మేనేజరు పెదవులు కదలడం కూడా చూశాను. వెనక వరసలో, నేను రమ్మంటే వచ్చిన పద్మక్క ఉంది. తిరిగొచ్చే బస్సులో నా పక్కనే కూర్చుంది.

"ఇన్నాళ్లూ నిన్ను తెగ దిద్దేసేదాన్ని కదే," అంది. "మీ అవ్వ పాటలింకేవన్నా ఉంటే పాడు, వింటాను."

రిగ్గైలో దిగేదాకా పాడుతూనే ఉన్నాను.

మరుసటి ఏడు టీచర్ తమ దేశం వెళ్లిపోయారు. నేనిప్పుడు అదే కేంద్రంలో రిసెప్షన్‌లో కూర్చుంటాను. శుక్రవారాలు తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పుతాను. ఎవరైనా ఒక మాటను తమ ఇంటి తీరులో పలికితే మిగతావాళ్లు నవ్వుతారు. పుస్తకంలో ఎలా రాస్తారో చెప్పి, మీ ఇంట్లో ఇలా ఎవరంటారని అడుగుతాను. చాలాసార్లు నాయనమ్మో అమ్మమ్మో అని చెబుతారు. వెంటనే ఆమెకు ఫోన్ కలుపుతాం. అవతల నుంచి 'ఎవురూ?' అని వినిపించగానే క్లాసంతా చెవులు రిక్కించి కూర్చుంటుంది.